జనరల్ గారు పడనన్నారు

గ్వెల్ఫ్
అక్టోబరు 2023, దసరా వెళ్ళిన వారం

పిన్నీ,

ముందు కూర్చో. కూర్చున్నావా? నేను అమెరికా సైన్యంలో చేరాను.

ఆగాగు, అమ్మకి ఫోన్ చెయ్యకు! ఇప్పటి అమెరికా కాదు, 1775 నాటిది. అప్పటికి అది దేశం కూడా కాదట. బ్రిటిష్ రాజు మీద తిరగబడ్డ పదమూడు వలసల జనం. అక్కడ కొట్లాడుతూనే, పనిలో పనిగా కెనడాని కూడా కలిపేసుకుందామని క్విబెక్ కోట మీదికి దండెత్తి వచ్చి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు వెనక్కి వెళ్ళారట. గ్వెల్ఫ్ పక్కన డగ్లస్ గారని ఒక పెద్దాయనకి పొలం ఉంది. ఆయనా ఆయన స్నేహితులూ ఏటా ఫిబ్రవరిలో, ఫ్యామిలీ డే సెలవులకి, ఆ క్విబెక్ యుద్ధాన్ని మంచులో మళ్ళీ ఆడి చూపిస్తారు. తుపాకులు నిజమైనవే. గుండ్లు ఉండవు, చప్పుడూ పొగా మాత్రం వస్తాయి. చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం పిల్లాపాపలతో వస్తారట.

చిక్కెక్కడంటే, ఇది కెనడా. ఇక్కడ అందరికీ గెలిచే బ్రిటిష్ వాళ్ళుగానే ఉండాలని. "మా ముత్తాతలు రాజుగారి పక్షం, అందుకే అమెరికా వదిలి ఇటొచ్చారు" అంటూ ప్రతి తాతా ఎర్రకోటు తొడిగేసుకుంటాడు. ఓడిపోయే అమెరికా వాళ్ళుగా ఉండమంటే ఒక్కడూ ముందుకు రాడు. పోయినేడు డగ్లస్ గారి ఎర్రదండు మొత్తం కలిసి ముగ్గురు అమెరికన్ల మీద యుద్ధం చేసిందట. ఆ ముగ్గురిలో ఒకాయనకి నడుంనొప్పి.

అందుకని ఈసారి మా కాలేజీ బోర్డు మీద కాగితం అంటించారు. తిరుగుబాటుదారులు కావలెను, అనుభవం అక్కర్లేదు, ఆదివారాలు ప్రాక్టీసు, వేడి భోజనం పెట్టబడును. ఆ చివరి ముక్క చాలదూ? మేం అద్దెకుండే బేస్‌మెంట్ కదిలింది, పక్క బేస్‌మెంట్ కదిలింది, దాని పక్కదీ కదిలింది. కాఫీ షాపులో ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి వీధి మలుపు దాకా నిలబడిన క్యూ అంతా ఇప్పుడు డగ్లస్ గారి పొలంలో ఉంది. ఖమ్మం, నిజామాబాద్, కర్నూలు, ఏలూరు అంతా ఒకే దండు. ఆ రాజుగారు మా దండుని భోజనాల దగ్గర చూసి ఉంటే యుద్ధం లేకుండానే స్వాతంత్ర్యం ఇచ్చేసేవాడు.

ఒక రూలుంది. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి సిపాయీ ఇంట్లో ఎవరో ఒకరికి యుద్ధం కబుర్లు ఉత్తరాల్లోనే చెప్పాలి. ఫోన్లో ఆ మాట ఎత్తకూడదు, వాళ్ళూ ఎత్తకూడదు. ఆనాటి చలితో పాటు ఆనాటి ఎదురుచూపు కూడా తెలియాలని డగ్లస్ గారి పట్టుదల. అమ్మకి రాస్తే "యుద్ధం" అన్న మాట దగ్గరే సొమ్మసిల్లుతుంది. అందుకని నిన్ను పట్టుకున్నాను.

మా జనరల్ గారి గురించి చెప్పనే లేదు. యోగానంద్ గారని, కాకినాడ ఆయన, ఓక్‌విల్‌లో సాఫ్ట్‌వేర్. ఆయనా వాళ్ళమ్మ ఈశ్వరమ్మ గారూ, ఇద్దరే ఉంటారు. నీలాగే అమెరికాలో పదేళ్ళకి పైగా ఉండి, విసిగి ఇటు వచ్చేశారు. "అమెరికా తరఫున ఓడిపోవడం నాకు అలవాటేనండి, అందుకే ఒప్పుకున్నాను" అన్నారు మొదటి రోజు. దాడి మొదలవగానే ఆయన ఫిరంగి దెబ్బకి చచ్చిపోవాలి. పాపం, ఎంత ప్రాక్టీసు చేసినా చావు కుదరట్లేదు.

వెంటనే రాయి.

నీ సిపాయి
తేజశ్రీ


బర్నబీ
నవంబరు 2023

ఒసేయ్ తేజూ,

డిప్లొమా చదువుకోవే అని పంపిస్తే దండయాత్రకి బయల్దేరావా? నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. నా నవ్వుకి పక్క సీటు అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి ఏమైందని అడిగింది. ఏం చెప్పను, మా అక్క కూతురు కెనడా మీద దాడి చేస్తోందని చెప్పనా?

తిట్టాలనే కూర్చున్నాను. కానీ మీరు చేస్తున్న తప్పులు చూస్తూ నా వల్ల కాదు. నీకు తెలియదుగానీ న్యూజెర్సీలో ఉన్నన్నాళ్ళూ శనివారం వస్తే కారేసుకుని ఆ యుద్ధభూములే తిరిగేదాన్ని. ట్రెంటన్, ప్రిన్స్‌టన్, మన్మత్, అన్నీ చూశాను. ఎండలో గడ్డి మీద కూర్చుని పులిహోర తింటే ఒక్కరొచ్చి "ఇంకా పెళ్ళి కాలేదామ్మా" అని అడిగేవారు కాదు. చచ్చిపోయిన సైనికులకి ఉన్న మర్యాద మనవాళ్ళకి లేదు.

సరే, విను. నువ్వు పంపిన ఫోటోలో మీవాళ్ళంతా నీలం కోట్లు తొడిగారు. తీసేయండి. మీ జనరల్ గారు వేషం కడుతున్న మాంట్‌గొమరీ క్విబెక్‌కి ముందే మాంట్రియల్ పట్టుకున్నాడు. అక్కడ దొరికిన బ్రిటిష్ చలికోట్లే చలికి తాళలేక ఆయన మనుషులు తొడుక్కున్నారు. మరి చీకట్లో తనవాడెవడో పగవాడెవడో తెలిసేదెట్లా? టోపీలో హెమ్లాక్ చెట్టు కొమ్మ గుచ్చుకున్నారు. అది ముఖ్యం, మరిచిపోకండి.

రెండోది. ఆర్నాల్డ్ అనేవాడు ఇంకో దండుతో మెయిన్ అనే ప్రాంతపు అడవుల్లోంచి వచ్చాడు. దారిలో తిండి అయిపోయి కుక్కల్నీ, చెప్పుల తోలునీ ఉడకబెట్టుకుని తిన్నారు. నువ్వేమో డగ్లస్ గారి చిక్కుడుగింజల చిల్లీలో ఉప్పు తక్కువని ఇంకో కాగితం నిండా రాశావు! మూడోది, అంత మంచు తుఫానులో డిసెంబరు ముప్పై ఒకటినే ఎందుకు దూకారో తెలుసా? చాలామంది సిపాయిల కాంట్రాక్టు ఆ ఏడాదితో సరి. తెల్లారితే మూటాముల్లే సర్దుకుని ఇళ్ళకి పోతారు. పర్మిట్ ఎక్స్‌పైర్ అయ్యేలోపు పరుగులంటే ఏమిటో మీ దండుకి నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక మీ జనరల్. గుండు తగిలినవాడు ఆలోచించి పడడు. ఎక్కడ పడాలా అని వెనక్కి చూసుకుంటున్నాడేమో, చూడొద్దని చెప్పు. నడుస్తూ నడుస్తూ పడిపోవాలి, అంతే.

చివరగా ఒక మాట. కాకినాడ అన్నావు, ఇద్దరే ఉంటారన్నావు, నీలాగే అన్నావు. నీ ఎత్తులు నా దగ్గరా? పెళ్ళి మాట ఈ ఉత్తరాల్లో రాకూడదు. సరదాకి చెప్పట్లేదు తేజూ. నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ ముందు నా వీసా పేరు అడిగాడు, తర్వాత నా పేరు. ఆఖరివాడితో తాంబూలాలు కూడా అయ్యాయి. నా ఎక్స్‌టెన్షన్ ఆగిపోయిందని తెలిసిన రోజు నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. చాలా ఏడ్చాను అప్పుడు. మళ్ళీ ఆ ఏడుపు నాకొద్దు.

కాళ్ళకి రెండేసి జతల మేజోళ్ళు వేసుకో.

పిన్ని
విశాలాక్షి


గ్వెల్ఫ్
డిసెంబరు 2023

పిన్నీ పిన్నీ పిన్నీ,

నీ ఉత్తరం పొలంలో అందరికీ చదివి వినిపించాను. కంగారుపడకు, చివరి పేరా కాదు. డగ్లస్ గారు టోపీ తీసి, దేశానికి ఆ కొసనున్న మీ బర్నబీ ఎటుందో అడిగి అటు తిరిగి దణ్ణం పెట్టారు. యోగానంద్ గారు ఫోన్లో నోట్స్ రాసుకుంటూ, "తేజశ్రీ గారూ, ఆ కొమ్మ సంగతి మళ్ళీ చదవండి" అని రెండుసార్లు చదివించుకున్నారు.

కొమ్మ దగ్గరే గొడవ వచ్చింది. హెమ్లాక్ కోసం మేం చెట్ల వెంట తిరుగుతుంటే ఈశ్వరమ్మ గారు "ఆకే కదమ్మా కావాల్సింది" అని బ్రాంప్టన్‌లో మనవాళ్ళ కొట్టు నుంచి తెచ్చిన కవరు విప్పి అందరి టోపీల్లో కరివేపాకు రెబ్బలు గుచ్చేశారు. దండంతా తాలింపు వాసన! బ్రిటిష్ వాళ్ళు పొగమంచులో కూడా మమ్మల్ని ఇట్టే పట్టేశారు. "వాసన బట్టి వచ్చాం" అన్నారు. మధ్యాహ్నానికి సగం రెబ్బలు మా అనంత్‌గాడు నమిలేశాడు. వాడు నా క్లాస్‌మేటు, తిండికి తప్ప దేనికీ సిపాయి కాడు.

అసలు ఘోరం వినాలి. నువ్వు చెప్పినట్టే ఫిరంగి మోగగానే జనరల్ గారు నడుస్తూ నడుస్తూ ధబీమని పడ్డారు. ఎంత బాగా పడ్డారంటే నిజంగానే ఏదో అయిందనుకున్నాం. చరిత్ర ప్రకారం జనరల్ పడగానే దండు పారిపోవాలి కదా? మనవాళ్ళు పారిపోతారా? "అంకుల్! అంకుల్!" అంటూ తుపాకులు పారేసి అందరూ ఆయన మీదికే పరిగెత్తారు. ఒకడు అరికాళ్ళు రుద్దుతాడు, ఒకడు గుండీలు విప్పుతాడు, ఒకమ్మాయి నీళ్ళు చల్లుతుంది, అదీ సున్నా డిగ్రీల్లో. ఈశ్వరమ్మ గారు "ఉల్లిపాయ వాసన చూపించండర్రా" అని అరుపు. ఇదంతా చూసి బ్రిటిష్ వాళ్ళు కూడా భయపడి ఫిరంగి వదిలేసి వచ్చేశారు, ఒకాయన అంబులెన్సుకి ఫోన్ చేయబోయాడు. అంతలో శవం కళ్ళు తెరిచి, "ఆయ్, నేను బాగానే ఉన్నానండి, దయచేసి మీరు పారిపోండి" అంది.

డగ్లస్ గారు తల పట్టుకుని కూర్చున్నారు. రెండున్నర వందల ఏళ్ళలో ఇలా ఓడిపోవడం కూడా చేతకాని సైన్యాన్ని చూడలేదట.

యోగానంద్ గారు నిన్నొకటి అడగమన్నారు. శవంగా మంచులో పడుకున్నప్పుడు తుమ్ము వస్తే ఏం చెయ్యాలి? నీ అడ్రసున్న కవరు బల్ల మీద పెట్టి నేను టీకి వెళ్ళాను. చాలాసేపు టీ తాగాను.

పిన్నీ, తిడితే తిట్టు. ఆ మనిషికి నీ వీసా ఏమిటో తెలియదు, అడగలేదు. అడిగింది తుమ్ము గురించే. నీకు తోడుగా ఇలాంటి మనిషి ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది. నాకు ఈయన బాబాయి కావాలి, అంతే. ఫిబ్రవరిలో యుద్ధానికి నువ్వు రావాలి.

నీ
తేజశ్రీ


బర్నబీ
జనవరి 2024

తేజశ్రీకి,

పూర్తి పేరుతో పిలిచానంటే నీకు అర్థమై ఉండాలి. పెద్దదాని పెళ్ళి కుదర్చడానికి చిన్నదానికి ఎంత ధైర్యమే! ఇలాగే చేస్తే మీ అమ్మకి నువ్వు ఆదివారాలు ఏ పొలంలో ఉంటున్నావో చెప్పేస్తాను. రూలు గీలు చూడను, ఫోన్లోనే చెప్తాను.

యుద్ధం మాట వరకే మాట్లాడుకుందాం. ముందు మీ దండులో "అంకుల్" అన్న మాట నిషేధించు. అంకుల్ పడితే ఎత్తుతారు, కమాండర్ పడితే పారిపోతారు. "సర్" అనండి. పారిపోయే దారి చివర భోజనాల టెంటు వేయించు, మీవాళ్ళకి వెనక్కి చూడాలని కూడా అనిపించదు.

తుమ్ము వస్తే నాలుకని పై అంగిటికి గట్టిగా నొక్కిపెట్టమను. ఇంకోటి, ఆ కోటు ఎడమ జేబు చిరిగిందట కదా, ముందే కుట్టించుకుంటే మంచిది. యుద్ధం నాడు ఈశ్వరమ్మ గారికి గడ్డిమోపు మీద కాకుండా వీపు ఆనే కుర్చీ వేయించు. ఆవిడ మోకాళ్ళు అసలే బాగాలేవు, పైగా ఆ మందు వేసుకుంటే కళ్ళు తిరుగుతాయి. శవం పక్కన ఉన్నవాళ్ళని వేరుశనగలు తిననివ్వకు, మీ జనరల్‌కి ఆ వాసన పడదు.

నేను రావడం కుదరదు. ఆ వారమే మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్.

పిన్ని


గ్వెల్ఫ్
జనవరి చివర

పిన్నిగారూ,

గారూ అన్నానంటే మీకూ అర్థమై ఉండాలి.

ఎడమ జేబు చిరిగిందని నీకెవరు చెప్పారు? నేను రాయలేదు. ఈశ్వరమ్మ గారి మందు పేరు నాకే తెలియదు, అది వేసుకుంటే కళ్ళు తిరుగుతాయని బర్నబీలో కూర్చుని నీకెలా తెలిసింది? వేరుశనగల మాట చదివి నేను మంచం మీంచి లేచి గంతులేశాను. కింద ఇంటివాళ్ళు లేరు, మేమే కింద ఉంటాం గనక బతికిపోయాను!

దొంగా! నన్ను తిడుతూ అటు ఎన్ని ఉత్తరాలు రాశావ్?

ఇక్కడ జనరల్ గారి సంగతి చెప్తా విను. క్రిస్మస్ తర్వాత నుంచి ఈలలు వేస్తూ వస్తున్నారు. కత్తి తిప్పుతున్నారు. అసలు సమస్యేమిటంటే చచ్చిపోయాక మొహం మీద నవ్వు పోవట్లేదు. డగ్లస్ గారు వంగి చూసి, "ఫిరంగి గుండు తగిలినవాడికి ఇంత ఆనందం దేనికి?" అని ఒకటే కేకలు. "ఆయ్, అలవాటైపోయిందండి" అంటారీయన.

అదంతా పోయిన వారం వరకు. ఈ ఆదివారం ఈల లేదు. కత్తి మరిచిపోయి వచ్చారు. ఫిరంగి మోగకముందే పడిపోయారు. భోజనం దగ్గర ప్లేటు ముట్టుకోకపోతే అడిగాను. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "మీ పిన్నిగారిని ఒక మాట అడిగానండి. పెళ్ళి మాట. ఆవిడ జవాబు రాయలేదు. తప్పుగా అడిగానేమో, మీరు మాత్రం ఏమీ అనకండి" అన్నారు. వాళ్ళమ్మ పక్కనుంచి, "వీడు పాతికేళ్ళప్పుడు కూడా ఇంత బెంగ పెట్టుకోలేదమ్మా" అన్నారు.

పిన్నీ, నవ్వులాట కాదు. ఔనో కాదో చెప్పు. కాదంటే ఆయన ఏడుస్తారేమో గానీ లేచి నిలబడతారు. ఏదీ చెప్పకపోతే మా యుద్ధానికి జనరలే ఉండడు. అంతకంటే, నాకు నీ మీద కోపం వస్తుంది, ఇంతవరకు ఎప్పుడూ రానంత.

తేజూ


బర్నబీ
ఫిబ్రవరి మొదట్లో

తేజూ,

ఔను. రాస్తున్నారు. మొదటిది తుమ్ముల ఉత్తరమే. నీ చేత అడిగించడం మర్యాద కాదని నేరుగా రాశారట. నేను రెండు లైన్లు రాద్దామని కూర్చుని నాలుగు కాగితాలు రాశాను. తర్వాత రోజూ ఆఫీసు నుంచి రాగానే షూస్ విప్పకుండా పోస్టు డబ్బా చూడ్డం అలవాటైంది. ఖాళీగా ఉంటే అన్నం వండుకోబుద్ధి కాదు. ఈ వయసులో నాకిదేం ఖర్మే!

పెళ్ళి మాట అడిగారు. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను, మళ్ళీ తీసి బీరువాలో పెట్టాను, మళ్ళీ తెచ్చుకున్నాను. జవాబు రాయడానికి చెయ్యి రావట్లేదు. కాదని రాయలేను, నాకు ఇష్టం లేకపోతేగా. ఔనని రాయలేను, భయం. ఉత్తరంలో అందరూ బాగుంటారు తేజూ. ఉత్తరం గురక పెట్టదు, విసుక్కోదు, ఒకరోజు పొద్దున లేచి ఫోన్ ఎత్తడం మానెయ్యదు. ఆ మనిషిని ఒక్కసారైనా ఎదురుగా చూడకుండా నేనేం చెప్పను? చూశాక నచ్చకపోతే? నేను నచ్చకపోతే?

ఇదేదీ ఆయనకి చెప్పకు, ఒట్టు. రిలీజ్ మాట నిజమే, రావట్లేదు. అన్నం తినమని మాత్రం చెప్పు, నేనన్నానని చెప్పకు.

పిన్ని


గ్వెల్ఫ్
ఫిబ్రవరి 2024, ఫ్యామిలీ డే మర్నాడు

ద్రోహీ! మాయలాడీ! ఎర్రకోటుదానా!

కోపంలో రాస్తున్నాను, అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటే సర్దుకో. నా వైపు నుంచి ఏం జరిగిందో రాస్తాను, నీ వైపు నుంచి నువ్వు రాసి తీరాలి.

నిన్న పొలం చుట్టూ తాళ్ళు కట్టారు, జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. మంచు కూడా బాగానే కురిసింది. నేనూ అనంత్‌గాడూ ఆర్నాల్డ్ దండులో ఉన్నాం, పశువుల కొట్టం వైపు. జనరల్ గారు తన దండుతో ఎదురుగా, ఫిరంగి వైపు నడిచి వస్తున్నారు. టోపీలో హెమ్లాక్ కొమ్మ, జేబు కుట్టించుకున్నారు, మొహం మాత్రం నిజంగానే చావడానికి వస్తున్నట్టుంది.

ఫిరంగి వెనక డగ్లస్ గారి పక్కన పొట్టిగా ఇంకో ఎర్రకోటు కనబడింది. టోపీ చెవుల దాకా దిగి ఉంది. ఎవరో కొత్త తాత అనుకున్నాను. ఆ తాత చెయ్యి పైకెత్తి "ఫైర్!" అని అరిచింది. పిన్నీ, ఆ గొంతు నేను ఎక్కడ మర్చిపోతాను? చిన్నప్పుడు ఆ గొంతుతోనేగా నా చేత ఎక్కాలు చెప్పించింది!

ఫిరంగి మోగింది. పొగ వచ్చింది. పొగ పోయింది. జనరల్ గారు నిలబడే ఉన్నారు.

ఆ గొంతు నీదేనని ఆయన కూడా పోల్చేశారు, నిన్ను ఎప్పుడూ విని ఉండకపోయినా! ఫోటోనన్నా పంపావా ఆయనకి? నోరు తెరుచుకుని నీ వంకే చూస్తూ నిలబడిపోయారు. డగ్లస్ గారు సైగ చేస్తున్నారు, జనం గుసగుసలు పోతున్నారు, వెనకాల దండు పారిపోవాలో వద్దో తెలియక ఒంటికాలి మీద ఉంది. అప్పుడు నువ్వు, రాజుగారి సైన్యంలో నిలబడి, అచ్చ ఖమ్మం గొంతుతో "పడండీ!" అని అరిచావు.

"ముందు జవాబు చెప్పండి, పడతాను!" అన్నారాయన.

"ముందు పడండి, చెప్తాను!"

"ఆయ్!" అని ఆ మనిషి కట్టె విరిగినట్టు పడిపోయారు. ఆయన దండు పరుగో పరుగు, నేరుగా భోజనాల టెంటులోకి, ఒక్కడూ వెనక్కి చూడలేదు. ఇంగ్లిషు వాళ్ళంతా అదేదో పాత సైనిక భాష అనుకుని చప్పట్లు కొట్టారు. నువ్వు ఫిరంగి వదిలి మంచులో ఆయన వైపు నడుస్తున్నావు. సరిగ్గా అప్పుడే ఎర్రకోట్లు మా మీద పడి, చరిత్ర ప్రకారం ఆర్నాల్డ్ దండంతా ఖైదీలని, అందర్నీ కొట్టంలోకి తోసి తలుపేశారు! "మా పిన్ని పెళ్ళి చూపులు నడుస్తున్నాయి, వదలండి" అని బతిమాలాను. "ఖైదీలు మాట్లాడకూడదు" అన్నాడు ఒక తాత. అనంత్‌గాడు నా భుజాలెక్కి కిటికీలోంచి చూడబోయి పేడలో పడ్డాడు.

బయటికి వదిలేసరికి నువ్వు ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయావు, రిలీజట. ఈశ్వరమ్మ గారు కళ్ళొత్తుకుంటున్నారు. అది సంతోషమో దుఃఖమో ఎలా తెలుస్తుంది, ఆవిడ ప్రాక్టీసులో కూడా ఏడ్చేవారు. జనరల్ గారిని పట్టుకుంటే, "చచ్చిపోయినవాణ్ణి నన్నడక్కండి, అది మీ పిన్నిగారు చెప్పాల్సిన మాట" అన్నారు. ఫోన్ చేస్తే నువ్వేమో "రూలు రూలే, ఉత్తరం రాయి" అని పెట్టేశావు.

రాశాను. ఇక చెప్పు. ఏమన్నావు?

తేజశ్రీ


బర్నబీ
ఫిబ్రవరి చివర

నా బంగారు తేజూ,

నిన్ను కొట్టంలో పెట్టించినందుకు కొంచెం జాలేసింది. కొంచెమే.

నీకు రావట్లేదని రాసిన రోజే డగ్లస్ గారికి ఒక ఉత్తరం రాశాను. నేనూ అమెరికా వదిలి రాణిగారి దేశానికి వచ్చినదాన్నే, మీ ముత్తాతల బాపతు, ఒక ఎర్రకోటు ఇప్పించండి అని. రాణిగారు పోయి రాజుగారు వచ్చారని ఆయన దిద్ది, కోటు కొలతలు అడిగారు. మనిషిని ఎదురుగా చూద్దాం, నచ్చకపోతే పేలుద్దాం, విమానం ఎక్కేద్దాం. ఎవరికీ తెలియదు కదా! ఇదీ నా పథకం. ఫిరంగి అంటించేది డగ్లస్ గారే, కేక మాత్రం నాది.

పొగలోంచి ఆ మనిషి కనబడ్డాడు. బట్టతల మీద టోపీ వంకర, ముక్కు ఎర్రగా, నన్ను చూసి చరిత్ర అంతా మర్చిపోయి నిలబడిపోయాడు. తేజూ, నన్ను చూసి ఒక మనిషి చావడం మర్చిపోయాడు. అంతవరకు ఏం చెప్పాలో నాకు తెలియదు, నిజం.

వెళ్ళి పక్కన మంచులో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన కళ్ళు మూసుకుని కదలకుండా ఉన్నాడు. శవం మాట్లాడకూడదు కదా. పెళ్ళిచూపులంటూ ఇన్నిసార్లు కూర్చున్నాను, మగవాడు నోరు మూసుకుని నా మాట పూర్తిగా వినడం అదే మొదలు. అందుకని అన్నీ చెప్పేశాను. నాకు ముప్పై తొమ్మిది, బర్నబీ ఉద్యోగం వదలను, మీరే రావాలి, మీ అమ్మగారినీ తీసుకురావాలి. పొద్దున కాఫీ తాగేవరకు నాతో మాట్లాడకూడదు. కోపమొస్తే గిన్నెలు ఎత్తేస్తాను. వంట ఒక పూట నాది, ఒక పూట మీది. ఒకసారి ఒకడు చెప్పకుండా మాయమైపోయాడు, మళ్ళీ అలా జరిగితే నేను తట్టుకోలేను, అందుకే జవాబు రాయలేదు, మీరు తప్పుగా అడిగి కాదు.

అక్కడికొచ్చేసరికి ఏడ్చేశాను. తాడు అవతల నుంచి ఒక ఇంగ్లిషు ముసలావిడ, పాపం, నన్ను భార్య అనుకుని చేతిరుమాలు అందించింది. ముక్కు తుడుచుకున్నాను. శవం మూసిన కంటి కొస నుంచి నీళ్ళు చెవి వైపు కారుతున్నాయి. చలికి అన్నాడు తర్వాత.

"మీకివన్నీ సమ్మతమైతే నాకూ సమ్మతమే. నాకు మీరంటే ఇష్టం" అన్నాను. గట్టిగానే అన్నాను.

కదలకూడదు, మాట్లాడకూడదు, ఎర్రకోట్లు మీ కొట్టం దగ్గర ఉన్నా తాడు పట్టుకుని జనం ఇంకా చూస్తున్నారు. ఆయన చెయ్యి మాత్రం మంచు కిందనుంచి మెల్లగా పాక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎంత చల్లగా ఉందో, ఎంత గట్టిగా పట్టుకుందో! అప్పుడే ఫిరంగి పక్క కుర్చీలోంచి ఈశ్వరమ్మ గారు ఉండబట్టలేక, "ఏరా, ఒప్పుకుందా?" అని పొలమంతా వినబడేలా కేకేశారు.

శవం తల ఊపింది.

నీ పిన్ని
విశాలాక్షి